సగం ఇటుక

భావన్నారాయణ చుట్టి పంపితే
కోడిగుడ్డయినా గుంటూరు దాకా పగలకుండా వస్తుందని
నేనే పదిమందికి చెప్పాను.

ఆరేళ్లు.
పాత హెచ్‌ఎంటీ గడియారాలు, ఒక వాల్వు రేడియో.
ఓసారి అద్దం బీటవారిందని
నేనడక్కుండానే నూట యాభై వెనక్కి వేశాడు.
ఆ నూట యాభైకే
నేను అమ్ముడుపోయాను కాబోలు.

ఈసారి స్విట్జర్లాండు జేబు గడియారం.
రాత్రి పదకొండు యాభై ఎనిమిదికి
ఎవడో రెండొందలు పెంచాడు,
నేను ఐదొందలు పెంచాను.
గెలిచారు, అంది ఫోను.

పెట్టె వచ్చింది.
మూడు పొరల కాగితం, నాలుగు మూలలా టేపు,
పైన ఆయన గుండ్రటి చేతిరాత: "మెల్లగా విప్పండి."
మెల్లగానే విప్పాను.
సగం ఇటుక.
దానికీ చుట్టూ దూది పెట్టాడు.

గవర్నర్‌పేటలో షట్టరు దించి ఉంది.
మెట్ల మీద నలభైమందిమి,
ఎవరి స్క్రీన్‌షాట్లు వాళ్లు పట్టుకుని.
"మీరేనా, ఆఖర్న ఐదొందలు పెంచింది?"
తెనాలి ఆయన. సన్నగా, చంకలో గొడుగుతో.
ఓడిపోయానని ఆ రాత్రి నిద్రపోలేదట.
మరి మీరెందుకొచ్చారు ఇక్కడికి?
"మర్నాడు ఫోన్ చేశాడండీ.
అలాంటిదే ఇంకోటుంది, మీకోసం దాచానన్నాడు."
ఇద్దరికీ నవ్వాగలేదు.
టీ ఆయనే ఇప్పించాడు.

తిరుగు బస్సు వారధి ఎక్కుతుంటే
ఫోను అడిగింది:
మీ కొనుగోలు ఎలా ఉంది? చుక్కలివ్వండి.
కింద కృష్ణ, ఇసుక తేలి.
వేలు అలవాటుగా
ఐదో చుక్క మీదికి పోయింది.