ఎనిమిది వేలకు పైన

ఐనార్ త్యూగెసన్‌కి ఎనిమిది వేలకు పైన ఏమీ వినబడదు.
చెవుల డాక్టరు గీసిన గీత
అక్కడిదాకా వచ్చి, మెట్టు తప్పినట్టు పడిపోతుంది.
ఆ కాగితం లేత్ వెనక మేకుకి గుచ్చి ఉంటుంది,
పక్కన చేపల కొట్టు కేలెండరు,
రెండిటి మీదా యాష్ చెక్క పొట్టు.

నేను కొలతల మనిషిని, సోల్వైని.
జట్లండ్‌లో, ఫియర్డ్ ఒడ్డున,
ఒకప్పుడు హెరింగ్ చేపలు ఉప్పేసిన గోదాము మాది.
ఏడాదికి పద్నాలుగు జతల స్పీకర్లు.
పదిహేనో జత అంటే ఐనార్‌కి కోపం.

డబ్బా సంగతి తేలికే అంటాడు.
భూర్జ చెక్క, ఇరవై ఒక్క పొరలు,
ఒక పొర నిలువు, ఒక పొర అడ్డం.
లోపల గొర్రె ఉన్ని, మూలల్లో తారు రేకు.
పిడికిలితో కొడితే ఠప్ అనాలి.
ఠంగ్ అందా, పొయ్యిలోకే.
"డబ్బా నోరు మూసుకోవాలి, సోల్వై.
పెళ్ళిలో పురోహితుడి గొడుగు మాట్లాడుతుందా?"

కష్టమంతా పైనున్న సిల్కు గుమ్మటంతో.
కోటు బొత్తామంత ఉంటుంది.
ఊరికే వదిలేస్తే
దాని కింది స్వరాలు గదంతా చిల్లర పోసినట్టు చిమ్ముతాయి,
పై స్వరాలు ముక్కుసూటిగా పోయి మనల్నే పొడుస్తాయి.
గోడకీ కిటికీకీ కొట్టుకున్నవి
ఆలస్యంగా తిరిగొచ్చి ఇంకో కథ చెబుతాయి.
అందుకని దాని చుట్టూ లోతు పళ్ళెం ఒకటి: వేవ్‌గైడ్.
పేరు కొత్తది, పని పాతది.
ఆవలి ఒడ్డు పడవని కేకేసేవాడు
నోటి చుట్టూ దోసిలి పట్టడు?

మొదట అల్యూమినియంతో చేశాం.
ఎంత అందం! బడి గంటలా మోగింది.
తర్వాత అచ్చుపోసిన రెసిన్.
నా గ్రాఫులో తప్పేమీ లేదు,
ఐనార్ మాత్రం దాన్ని తీసుకెళ్ళి
కుళాయి దగ్గర సబ్బు పెట్టుకున్నాడు.
చివరికి యాష్. తొమ్మిదేళ్ళు ఆరిన దుంగ.

ఫిబ్రవరిలో ఒక పొద్దున,
నురుగు ముళ్ళ గదిలో,
మన నెత్తురు పారే చప్పుడు మనకే వినిపించే ఆ గదిలో,
స్పీకరుని పది డిగ్రీలకోసారి తిప్పుతూ కొలిచాను.
ముప్పై దగ్గర ఒక గుంట.
ఎనిమిదిన్నర వేల మీద,
సరిగ్గా ఆయన గీత ఆగిపోయిన చోటు దాటాక.
చెప్పాలా వద్దా?
రెండే డెసిబెళ్ళు.
కొనే ఆర్హుస్ పెద్దమనిషికి డెబ్బై నాలుగు.
కాఫీ చల్లారిపోయింది.

బయటికొస్తే ఆయనే అన్నాడు:
"అంచు దగ్గర ఏదో ఉంది, కదూ."
కళ్ళు మూసుకుని బొటనవేలిని
పళ్ళెం గొంతు నుంచి పెదవి దాకా జరిపాడు.
పంటి కింద రాయి తగిలినట్టు ఒక చోట ఆగాడు.
"ఇక్కడ వంపు తొందరపడింది."
నాలుగు వందల నంబరు గరుకు కాగితం, ఏడు చుట్లు.
వేలు. ఇంకో రెండు చుట్లు.
అవిసె నూనె.

మళ్ళీ కొలిస్తే గుంట లేదు.

సాయంత్రం తన పాత టేపు పెట్టాడు,
స్ప్రూస్ కొమ్మల్లో ఎప్పుడో పట్టిన ఫుగ్లెకొంగె పాట.
మా దేశంలో అన్నిటికంటే చిన్న పిట్ట,
పేరు మాత్రం పక్షిరాజు.
ఆయన స్పీకరు వైపు చూడలేదు,
నా మొహం వైపు చూశాడు.
"ఉందా?"
ఉందన్నాను.
"చివర్న ఆ గిరక?"
అదీ ఉంది,
సూదిలోకి దారం దూరినంత సన్నగా.
"ఎలా ఉంది?"

మాటలు దొరక్క ఈల వేశాను,
బాగా కిందికి దించి, ఆయనకి అందేంత కిందికి.
గాలి ఎక్కువ, పాట తక్కువ.

తల వంచి చివరిదాకా విన్నాడు.
"ఛ, అంత ఘోరంగా ఉండదది," అని నవ్వి
రెండో పళ్ళేనికి చెక్క బిగించాడు.