దిగుపాట

మన భాషలో వేలాన్ని పాట అంటాం.
పాడేకొద్దీ ధర మెట్లెక్కుతుంది.
గలీసియా తీరాన, బురేలా చేపల రేవులో
పాట పైనుంచి కిందికి దిగుతుంది.
అరవై, యాభై తొమ్మిది, యాభై ఎనిమిది...
ఎవరో ఒకరు చెయ్యెత్తేదాకా
బ్రాండాన్ గొంతు దిగుతూనే ఉంటుంది.
తెల్లవారుజామున ఐదింటికి
ఐసు మీద నోరు తెరుచుకు పడుకున్న చేపల ముందు
ముప్పయ్యేళ్లుగా అదే గొంతు.

ఒకరోజు అది ముప్పై నాలుగు దగ్గర ఆగిపోయింది.
కళ్లు తెరిచే ఉన్నాయి.
వేళ్లు చొక్కా బొత్తాన్ని తిప్పుతున్నాయి, తిప్పుతున్నాయి,
పెదాలు ఏదో రుచి చూస్తున్నట్టు చప్పరిస్తున్నాయి.
ముప్పై మూడు రాలేదు.
గాలిలో వేలాడే ధరను చూస్తూ
బేరగాళ్లంతా నిలబడిపోయారు.
తూకాలు రాసే ఒబ్దూలియా పరుగున వచ్చి
గోదాము తాళాల గుత్తి ఆయన పిడికిట్లో పెట్టింది.
ఇనుము తగిలితే తగ్గుతుందని
వాళ్ల నాయనమ్మ చెప్పిందట.
మన నాయనమ్మలూ అదే చెప్పారు,
ఎవరు ఎవరి దగ్గర విన్నారో!
రెండు నిమిషాలకు ఆయన తేరుకుని
చేతిలో తాళాలు చూసుకుని
"ఏ తలుపు తియ్యాలి?" అన్నాడు.

మూడు రకాల మాత్రలు మింగాడు.
మొదటిది నిద్రపుచ్చింది.
రెండోది ఇంట్లో గిన్నెలు విసిరేయించింది.
మూడోది అంకెలు మరిపించింది,
దాన్ని సీసాతో సహా సముద్రంలో పారేశాడు.

అప్పుడు డాక్టర్ ఉషియా
ఎడమ రొమ్ము పైన, చర్మం కింద
అగ్గిపెట్టె కన్నా చిన్న యంత్రాన్ని దాచి కుట్టింది.
దాని తీగ మెడలోని నరాన్ని చుట్టుకుంది.
ఐదు నిమిషాలకోసారి, ముప్పై సెకన్లు,
పడుకున్నవాడి తలుపు తట్టినట్టు తడుతుంది.
గుండె ఉన్నట్టుండి పరుగందుకుంటే
మూర్ఛ వస్తోందనుకుని గడువుకు ముందే తడుతుంది.
కానీ ఆ నరానికే ఒక కొమ్మ గొంతులోకి పోతుంది.
తట్టినప్పుడల్లా పాట బొంగురుపోతుంది.

మొదటి వారంలోనే మనిషంత సూర చేప వచ్చింది.
హాలు బిగుసుకుంది, ధర దిగుతోంది,
బ్రాండాన్ గుండె గంతులేసింది.
పాపం, యంత్రానికేం తెలుసు?
సంబరం అడుగులూ ఆపద అడుగులూ
దానికి ఒకేలా వినిపించాయి.
పదమూడు అనబోతే
పద గొంతులోనే ఇరుక్కుంది, మూడు బయటపడింది.
"మూడు! నాది!" అని చెయ్యెత్తాడు
లూగో నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడు.
ఎవరూ నవ్వలేదు.
ఒబ్దూలియా పదమూడని రాసి
పుస్తకాన్ని అతని వైపు తిప్పింది.
ఆ తర్వాత ఎవరూ చెప్పకుండానే అదొక కట్టుబాటైంది:
గొంతు గరగరలాడినంతసేపూ
చేతులు జేబుల్లోనే.

యంత్రంతో పాటు ఒక అయస్కాంతం కూడా ఇచ్చారు.
యంత్రం మీద ఆనించి ఉంచితే
ఆ కాసేపు అది నోరు మూసుకుంటుంది.
కార్తీకపు చలిలాంటి ఒక నవంబరు పొద్దున
బ్రాండాన్ దాన్ని టేపుతో ఛాతీకి అంటించుకొచ్చాడు.
పాత గొంతు! పాత మెరుపు!
కవళ్ల పెట్టెలు కళ్లముందే అమ్ముడుపోయాయి.
ఇరవై నిమిషాలు.
అప్పుడు ఒబ్దూలియా చూసింది,
ఆయన వేళ్లు బొత్తం వైపు పోవడం.
అందరి ముందూ చొక్కాలో చెయ్యి దూర్చి
టేపు పీకి, అయస్కాంతాన్ని యంత్రం మీదుగా
ఒక్కసారి అడ్డంగా జరిపింది.
కాస్త ఆలస్యమైంది.
ఆ రోజు యంత్రం గెలవలేదు, పూర్తిగా ఓడనూ లేదు:
రెండు నిమిషాలు పోవాల్సినవాడు
నలభై సెకన్లలో తిరిగొచ్చి
"ఎక్కడున్నాం?" అనడిగాడు.
"ఇరవై ఆరు," అంది ఆమె.
"ఇరవై ఐదు," అన్నాడు బొంగురుగా.

ఇప్పుడు ఆ అయస్కాంతం
ఆమె తూకం బల్ల మీదే, అందేంత దూరంలో ఉంటుంది.
గోదాము తాళాలు దానికి అతుక్కుపోయి ఉంటాయి.
పొద్దున్నే తలుపు తియ్యాలంటే
చలికి కొంకర్లు పోయిన వేళ్లతో
వాటిని పీక్కోవాలి.
రోజూ తిట్టుకుంటుంది.
బల్ల మాత్రం మార్చదు.