మసకేసిన బొమ్మ

సురబయలో బగస్కర ఫోటో పెట్టాడు.
బ్రోమో కొండ, వేకువ, వీపున సంచీ.
సిగరెట్ ఎక్కడా లేదు.
కింద ఒక్క మాట: "వెనకడుగు వేయకు."
ఆ మాటకి కంపెనీ ఇచ్చింది
రెండు నెలల అద్దె.

యోగ్యకర్తలో కినాసిహ్
ఆసుపత్రిని బతిమాలి తెచ్చిన
ఊపిరితిత్తి బొమ్మ పెట్టింది,
కుంపట్లో మరిచిపోయిన వంకాయలా ఉంది.
నిమిషం తిరక్కుండా
దాని మీద బూడిదరంగు తెర:
"మీరు చూడలేకపోవచ్చు."

ఊపిరితిత్తికి ముసుగు.
కొండకి నలభై వేల గుండెలు.

అందులో ఒకటి
ఆమె తమ్ముడు సెనోది. పదమూడేళ్లు.
బట్టలు ఉతుకుతుంటే
వాడి చొక్కా జేబులో
పొగచూరిన లవంగం వాసన.

"వంట చేశానక్కా," అన్నాడు.

వాడికి
అన్నం వార్చడం కూడా రాదు.