చోక్

పగలు నేను పళ్ళు చేస్తాను.
మలక్‌పేట గంజ్ వెనక, మేడమీది ల్యాబులో,
ముఖాలు తెలియని మనుషుల నోళ్ళను
గులాబీ మైనంలో దిద్ది
డబ్బాల్లో పెట్టి పేర్లు రాస్తాను.

రాత్రి అవే పనిముట్లు
పన్నెండో వంతు లోకంలోకి దిగుతాయి.
అక్కడ నా బొటనవేలి గోరు
ఒక హెడ్‌లైటంత.

ఎజ్డీ బండి. రెండు సైలెన్సర్లది.
గేరుకూ కిక్కుకూ ఒకటే కడ్డీ ఉండేది, గుర్తుందా?
ఆ కడ్డీ ఒక్కదానికే నాకు దసరా సెలవులు పోయాయి.
స్పోకులకు, పళ్ళకు క్లిప్పులు కట్టే తీగ.
సీటుకు, జిప్పు పోయిన పర్సు లోపలి తోలు.
క్లచ్ వైరు పాడైన ఇయర్‌ఫోన్‌లోంచి లాగాను,
పాటలు పోయిన దారిలోంచి.

వానాకాలం రంగు వేయకూడదని
వేశాకే తెలిసింది.
ఎర్ర ట్యాంకు మీద పాలు విరిగినట్టు తెల్లటి పొర.
గీకాను. మళ్ళీ వేశాను. మళ్ళీ విరిగింది.
బోనాలు అయిపోయినా ముసురు విడవలేదు;
ట్యాంకును బియ్యం డబ్బాలో దాచి
ఎండ కోసం చూశాను.

మట్టి సంగతి వేరు.
అన్నిటినీ చిన్నవి చేయొచ్చు గానీ మట్టిని చేయలేం.
మూసారంబాగ్ వంతెన పక్కనుంచి చిటికెడు తెచ్చి చల్లితే
టైరు చుట్టూ బండరాళ్ళు.
చివరికి గోధుమరంగు సుద్దను బ్లేడుతో గీకి
ఊపిరి బిగబట్టి
మడ్‌గార్డు కింద అద్దాను.
అబద్ధం దుమ్ము అచ్చం హైదరాబాదులా కూర్చుంది.

పదకొండు నెలలు.
చెప్పుల డబ్బాలో దూది పరిచి
చాదర్‌ఘాట్‌లో జహంగీర్ భాయ్ షెడ్డుకు తీసుకెళ్ళాను.
ముప్పై ఏళ్ళు ఈ బండ్లే విప్పాడు, బిగించాడు.
గ్రీజు చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు;
తుడిచాక ఇంకా నల్లగా ఉంది.
నా బండిని అరచేతిలో నిలబెట్టుకుని
ముందు వాసన చూశాడు.
"పెట్రోలు లేదు" అన్నాడు.
తర్వాత కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
చాలాసేపు మాట్లాడలేదు.

నేను మెచ్చుకోలు కోసం నిలబడ్డాను,
పరీక్ష పేపరు దిద్దుతుంటే నిలబడ్డట్టు.

"సైలెన్సర్ మెడకాడ నీలం తేలింది.
అంటే బండి వేడిగున్నది."
"అవును భాయ్, ఆ నీలానికి నాలుగు పొరలు..."
"మరి చోక్ ఎందుకు లేచున్నది?
వేడి బండికి చోకేస్తే ప్లగ్గు తడుస్తది.
తన్ని తన్ని కాలు పడిపోతది."
"ఎవరి కాలు?"
నా మొహంలోకి వింతగా చూశాడు.
"ఎవరిదేందమ్మా? నడిపేటోనిది."

వస్తూ వస్తూ
సిగ్నల్ దగ్గర ఆగిన బండ్లన్నిటి మీదా
మనుషులు ఉండటం చూశాను.

ఆ రాత్రి పట్టకారుతో
చోక్ మీటను కిందికి నొక్కబోతే
టక్కుమని విరిగి ఎగిరింది.
జొన్నగింజలో పావు వంతు కూడా లేదు.
మొజాయిక్ గచ్చు మీద టార్చి వేసి, మోకాళ్ళ మీద పాకుతూ వెతికాను:
ప్రతి నల్లచుక్కా అదే,
ఏ నల్లచుక్కా అది కాదు.
మా చెల్లి నీళ్ళకు లేచి, నన్ను దాటుకుని వెళ్ళి,
తాగి, మళ్ళీ దాటుకుని పడుకుంది.

దొరకలేదు.
విరిగిన కట్టుడుపన్ను ముక్కను సాది
ఇంకొకటి చేశాను, ఈసారి దించి అతికించాను.
ఊరుకోలేకపోయాను.
కిక్ కడ్డీ రబ్బరును ఒక పక్కనే అరగదీశాను.
సీటును, ముందువైపు, వేలితో కొంచెం కుంగదీశాను.
ట్యాంకుకు ఎడమ మోకాలు తగిలేచోట
కష్టపడి తెచ్చుకున్న ఆ మెరుపును
తడిబట్టతో చంపేశాను.

పొద్దున ల్యాబులో కొత్త డబ్బా.
అనంతమ్మ, అరవై ఎనిమిది, పై సెట్టు.
అచ్చు బాగానే వచ్చింది, కొలతలన్నీ ఉన్నాయి.
అయినా డాక్టరుకు ఫోన్ చేశాను.
"ఆమె ఏ పక్కతో నములుతుంది సార్?"

అవతల కాసేపు ఏమీ వినబడలేదు.
"అడిగి చెప్తా" అన్నాడు.