ఇరవై ఆరో భాగం

ప్రాజక్తా కాళ్లు మంచం మీదికి ముడుచుకున్నది.
మంచం కింద ఏం లేదు, నా చెప్పులు,
ఎలక్షన్ డ్యూటీల ఇచ్చిన రేకు డబ్బా తప్ప.
అయినా ముడుచుకున్నది.
నాకు నవ్వొచ్చింది.
సరిగ్గా ఈ సీన్లనే నేనూ ముడుచుకున్న, తొమ్మిదేండ్లప్పుడు.

సాతారా నుంచి సిరొంచకు బదిలీ మీద వచ్చిన లెక్కల టీచరు.
తెలుగుల నాలుగు మాటలొచ్చు ఆమెకు:
నీళ్లు, అన్నం, ఎంత, ఇంకేంది.
నేనేమో మరాఠీ బళ్లె చదివి, తెలుగింట్ల పెరిగినదాన్ని.
దయ్యం నోరు తెరిచేలోపే
దాని మాట ఆమె చెవుల వేస్తున్న.
"పుఢే కాయ్?" అంటది, తర్వాతేంది అని.
చూడు, అంట.

"కందిలి" శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు వచ్చేది,
ప్రాణహిత అవతలి టవరు నుంచి, నది దాటి.
గాలి లేస్తే ఒక్క దయ్యానికి ఇద్దరు తోడయ్యేవాళ్లు.
బాపు గూనకప్పు మీద నిలబడి ఏంటినా తిప్పుతుంటే
కింద నుంచి అక్క ఒర్రేది:
"జెర్ర కాళేశ్వరం దిక్కు! ఆఁ... పోయింది, పోయింది!"

ఇప్పుడు ల్యాప్‌టాపుల అన్నీ సాఫ్‌గ కనిపిస్తున్నయ్.
డాక్‌బంగ్లా గోడ రంగేసిన గుడ్డ.
తలుపు లాగేది నైలాను తాడు.
నాకు తాడు కనిపిస్తది.
ఆమెకు తలుపు కనిపిస్తది.
అందుకే వారం సంది నేను తెరను చూస్తలేను,
తలుపు కిర్రుమనేముందు ఆమె మొకం చూస్తున్న.
"వాచ్‌మనే గదా చంపింది?" అంటది.
తప్పు లెక్క చేస్తున్న పిల్ల పక్కన నిలబడ్డట్టు
ఏం ఎరగనట్టు నిలబడుత.

కందిలి పట్టుకున్న పిల్లదయ్యం ఎదురైనోళ్లనల్లా అడుగుతది:
"నా వంతు వచ్చిందా?"
అది ప్రాజక్తాకు ఐదో తెలుగు మాటయింది.
మొన్న బోరింగు కాడ అదే గొంతుతోటి అడిగితే
పోశక్క బకీటు ఇడిసిపెట్టి ఉరికింది.

ఇగ ఇది ఆఖరి భాగం.
ఆనాడు ఈ భాగం మొదలైతుంటే కరెంటు పోయింది.
ట్రాక్టరు బ్యాటరీ పెడుదమంటే
అది అంకీస పెండ్లిల మైకుసెట్టుకు పోయింది.
వారమైనంక చెన్నూరు పోయొచ్చి అక్క చెప్పింది:
పిల్ల పడవెక్కుతది, కందిలి ముందర పెట్టుకుంటది,
అవతలి ఒడ్డున అమ్మ నిలబడి ఉంటది,
తెల్లారుతది గనుక దీపం దానంతటదే ఆరిపోతది.
ముప్పై ఏండ్లు నేను గట్లనే చెప్పిన,
తునికాకు కట్టలు కట్టేకాడ, వానకు బడి ఖాళీ అయినప్పుడు.

పడవ రాలేదు.
ఒడ్డున అమ్మ లేదు. ఒడ్డే లేదు.
పిల్ల నడుచుకుంట నడుచుకుంట తెర దాకా వచ్చి
కందిలి మా మొకాలకు ఎత్తి పట్టింది.
"నా వంతు అయిపోయింది. మరి నీది?"
ఉఫ్.
నల్లగ.

తాడు కోసం ఎతికిన. కనిపించలే.
నా కాళ్లు ఎప్పుడు ముడుచుకున్నయో తెల్వదు.
ప్రాజక్తా తెరను చూస్తలేదు, నన్ను చూస్తున్నది.
"నీకు... గూడ... కొత్త?" అన్నది,
ఎక్కడ ఏరుకున్నదో ఆ మాటల్ని.

పదకొండున్నరకు అక్కకు ఫోన్ చేసిన.
"ఆ పడవ ఏడికెల్లి అచ్చిందే?"
"ఏం పడవ?... ఓ, గదా!
అప్పటికే దినాం బొంత తడుపుతుంటివి.
పొద్దుగాల పిండేది ఎవరనుకున్నవ్?"
"మరి నువ్వు చూసినవా?"
"నేనేడ చూసిన. చెన్నూర్ల గూడ పోయింది కరెంటు."

లైటు బంద్ చెయ్యబోతే వద్దని చెయ్యి పట్టుకున్నది ప్రాజక్తా.
"పుఢే కాయ్?"
పడవ, అన్న.
మరాఠీల దానికేమంటరో ఆ గడియకు యాదికి రాలే.