చెవితమ్మె

వేలికి పెట్టిన క్లిప్పు ఎర్రగా వెలిగింది గానీ
అంకె రాలేదు.
పన్నెండో మంచం మీద తామాడ దాలమ్మ
దగ్గు ఆపుకుని అడిగింది:
"ఏటి అమ్మీ, ఆ మిసనుకి నాను కనబడనేటి?"

ఆరుగురు పిల్లలు, ఇస్త్రీ మడత విరగని ఆరు కోట్లు.
పలాస ఆసుపత్రిలో వాళ్ళకి మూడో రోజు.
ఎందుకు రాలేదో చెప్పండన్నాను.
చెయ్యి చల్లబడి, మేడమ్. గోళ్ళరంగు, మేడమ్.
రక్తం అందక. బ్యాటరీ.
పుస్తకం వరసలోనే చెప్పారు, బ్యాటరీ తప్ప.
పదిహేనేళ్ళుగా నేను చెబుతున్న వరసా అదే.

సెలైన్ స్టాండు వెనక నించున్న బమ్మిడి దమయంతి
ముందుకొచ్చి
ముసలమ్మ వేళ్ళని కిటికీ వెలుతురుకి తిప్పింది.
నల్లగా, పెచ్చులు లేచి,
గీతలన్నీ అరిగిపోయిన వేళ్ళు.
"జీడి, మేడమ్" అంది.
నన్నడక్కుండానే
నెరిసిన జుట్టు వెనక్కి తోసి
చెవితమ్మెకి పెట్టింది క్లిప్పు.

ఎనభై తొమ్మిది.

"ఎవరు నేర్పారే నీకు?"
"ఆధార్ సెంటర్లో
మా అమ్మ వేలిముద్ర ఎప్పుడూ పడదు, మేడమ్."
అడిగినదానికి జవాబు కాదది.
అప్పటికే ఆక్సిజన్ కోసం పరిగెత్తింది.

సాయంత్రం ఆ పిల్ల రికార్డు దిద్దాను.
రాతంతా కోడిగీతలు. ఏ చెవో రాయలేదు.
ఎర్రసిరాతో "ఎడమ" అని చేర్చి సంతకం పెట్టాను.
డ్యూటీ దిగుతూ
హాజరు మిషన్ మీద బొటనవేలు ఆనించాను.

ఒక్కసారికే పడింది.