బెత్తెడు చిన్న

మ్యూజియం పెట్టిన షరతు ఒకటే:
నకలు అసలంత ఉండకూడదు.
అందుకే నా పడవవాడు
వాళ్ల పడవవాడికన్నా బెత్తెడు చిన్న.

సరాతోవ్‌లో సోమవారాలు జనానికి ప్రవేశం లేదు.
గదిలో నేనూ, ఈజిలూ, అవిసెనూనె వాసనా,
కుర్చీలో కునికే కావలిమనిషి అగ్నియా.

ఇరవై రెండేళ్లు ట్రామ్ నడిపిన చెయ్యి
బ్రేకు పట్టినట్టే కుంచె పట్టింది.
"దాని పీక నొక్కకు" అంటాడు రోడియన్ ల్వోవిచ్.
కళ్లు మొదలుపెడతానంటే కసిరాడు:
"కళ్లెక్కడున్నాయి? గుంటలో నీడుంది. అది వెయ్యి."

వేశాను.
ముఖం మీది నీడ ఆకుపచ్చగా ఉంటుందని
యాభై ఆరేళ్లకి తెలిసింది.

చెవి దగ్గర నాలుగు వారాలు ఆగిపోయాను.
ఎన్నిసార్లు గీకి వేసినా
అరువు తెచ్చుకున్న చెవిలా ఎడంగానే ఉంటుంది.
డిసెంబరులో, మూడింటికే వాలిపోయిన వెలుతురు
కాన్వాసు మీద ఏటవాలుగా పాకితే
ఎండిన రంగు కింద
ఇంకో చెవి అంచు, వేలెడు పైన.
ఆయనా తప్పు పెట్టాడు.
పెట్టి, దింపాడు.

అగ్నియాని లేపి చూపించాను.
"ముప్ఫై ఏళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నా" అంది.
ఇంకేం అనలేదు. మళ్లీ కూర్చోనూ లేదు.

ఇంటికెళ్లే మూడో నంబరు ట్రామ్‌లో
ఎదుటి సీటు ముసలాయన దవడ కింద
అదే ఆకుపచ్చ.
అద్దంలో వేల ముఖాలు మోసుకు తిరిగాను,
ఒక్కటీ చూళ్లేదు.

వచ్చే సోమవారం
చెవిని ముందు తప్పుగా, వేలెడు పైన వేస్తాను.
ఆరనిస్తాను.
తర్వాత దింపుతాను.